నొప్పి ఎక్కువున్న నాకు ఒక్క టెస్టూ రాయలేదు, తక్కువున్న మామగారికి కాగితం నిండా రాశారు. ఎందుకు?

టీచరమ్మ

నాకు 41 ఏళ్ళు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. పదకొండు రోజుల క్రితం తడిబట్టల బకెట్ ఎత్తబోతుంటే నడుంలో కలుక్కుమంది. అంతే, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. మా అబ్బాయి వచ్చి చేతిలోంచి బకెట్ తీసుకునేదాకా కదల్లేదు. మొదటి రెండు రోజులూ మంచం మీద పక్కకి తిరగాలన్నా చుక్కలు కనిపించాయి. ఇప్పుడు కాస్త నయం గానీ ఎడమ పిరుదు దాకా ఇంకా లాగుతూనే ఉంది.

మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పడుకోబెట్టి ఒక్కో కాలూ ఎత్తారు. కాలి బొటనవేలు పైకి లాగిపెట్టమని, దాన్ని తన చేత్తో కిందికి నొక్కారు. మడమల మీద నడిపించారు, మునివేళ్ళ మీద నడిపించారు, మోకాలి మీద సుత్తితో కొట్టారు. అంతా అయ్యాక "టెస్టులేం అక్కర్లేదు. మంచం ఎక్కకండి, నడవగలిగినంత నడవండి" అని అయిదు రోజులకి మాత్రలు రాశారు. ఎంఆర్ఐ తీయిద్దామా అని నేనే అడిగాను. "ఇప్పుడు తీస్తే మీకు టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేం లేదు" అన్నారు.

నాకు తోడుగా మా మామగారు వచ్చారు. 71 ఏళ్ళు. ఆయనకి అయిదారు వారాలుగా నడుం మధ్యలో 'ఏదో సలుపు'. అంతకు మించి ఏమీ లేదు. వంగుతారు, నడుస్తారు, కూర్చుని పేపరంతా చదువుతారు. వచ్చాం కదా అని ఆయన కూడా చెప్పుకున్నారు. ఇక చూడండి, అదే డాక్టరు ఎక్స్‌రే, ఈఎస్ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్షలట), కాల్షియం, పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసమట), యూరిన్ టెస్టు అని కాగితం నింపేశారు. పైగా "ఇవాళే ఇచ్చేయండి" అన్నారు.

ఇదేం లెక్క? నొప్పి ఎంత ఉందన్నది అసలు చూడరా? పెద్దవాళ్ళు కనిపిస్తే టెస్టులు రాసేస్తారని మా ఆయన అంటున్నారు. మామగారేమో ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని "నాకేం కాలేదు" అని తిరుగుతున్నారు. మొన్న మేకు, సుత్తి పట్టుకుని అరగంట కూర్చుని బెల్టుకి కొత్త చిల్లు పెట్టుకున్నారు. ఆ ఓపిక ల్యాబుకి వెళ్ళడానికి మాత్రం లేదు.

చూసిచూసి విసిగినవాడు

ఇందులో అర్థం కానిదేముందండీ? ల్యాబు నుంచి డాక్టరుకి వాటా వెళ్తుంది. మీరు ఇంకో ఇద్దరు డాక్టర్లని అడుగుతారని ఆయనకి తెలుసు, పెద్దాయన అడగరు. అంతే. వేడినీళ్ళ సంచీతో కాపడం పెట్టండి, తగ్గిపోతుంది.

పాత స్టెతస్కోపు

ముప్పై నాలుగేళ్ళు ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యాను. వాటాల సంగతి ఎక్కడా లేదని నేను చెప్పను. కానీ విసిగినవాడుగారూ, ఒక్కటి ఆలోచించండి. టెస్టులు అమ్ముకునేవాడికి సులువైన బేరం ఎవరు? నడుం పట్టేసి, భయపడి, ఎంఆర్ఐ కావాలని నోరు తెరిచి అడిగిన టీచరమ్మగారు. ఆవిడని వద్దని పంపించిన మనిషి మీరనే రకం కాదు.

అమ్మా, మీ ప్రశ్నకంటే ముందు ఆ బెల్టు సంగతి. కొత్త చిల్లు ఎందుకు కావలసి వచ్చింది? ఆయన బరువు తగ్గారా? తగ్గాలని ప్రయత్నించే తగ్గారా, ఊరికే తగ్గారా? రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి తగ్గిందా? స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడారా? ఈ రెండు మూడు నెలల్లో ఏదైనా ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉన్నారా? ఇవన్నీ మీ డాక్టరు అడిగే ఉంటారు. నాకు జవాబులు రాయకపోయినా ఫరవాలేదు, ఆ కాగితం మాత్రం ఇవాళే జేబులోంచి బయటికి రావాలి.

ఇక మీరడిగింది. నొప్పి ఎంత ఉందన్నది టెస్టు రాయడానికి మాకు పెద్దగా పనికిరాదు. మొరటుగా అనిపిస్తుంది గానీ అంతే. నడుం పట్టేసినవాడు గుమ్మంలోంచే కేకలు పెడుతూ వస్తాడు, రెండు మూడు వారాల్లో తిరిగేస్తాడు. వెన్నుపూసలో చీము పడుతున్నవాడో, ఎక్కడి క్యాన్సరో ఎముకలోకి పాకినవాడో 'ఏదో సలుపండీ' అని నెమ్మదిగా చెప్తాడు. అందుకే నొప్పి ఒంటరిగా వచ్చిందా, వెంట ఇంకెవర్నైనా తీసుకొచ్చిందా అని చూస్తాం. మీ నొప్పికి పుట్టిన నిమిషం ఉంది, కారణం ఉంది, రోజురోజుకీ తగ్గుతోంది. మీ మామగారిది ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలీదు, వంగినా లేచినా దానికి తేడా లేదు. పైగా డెబ్బై దాటాక కొత్తగా వచ్చిన నడుం నొప్పి.

మీకు టెస్టులు చేయలేదు అన్నారు చూడండి, ఆ మాట ఒప్పుకోను. పడుకోబెట్టి కాలు చాపి ఎత్తినప్పుడు, ముప్పై నుంచి డెబ్బై డిగ్రీల మధ్య మోకాలి కిందికి కరెంటు కొట్టినట్టు నొప్పి పాకితే వెన్నులోంచి వచ్చే నరం నొక్కుకుందేమో అనుకుంటాం. బొటనవేలు చెయ్యికి ఎదురు నిలబడలేకపోతే నడుం అయిదో నరం. మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కింది నరం. మోకాలి మీద సుత్తి దెబ్బ ఎక్కువగా నాలుగో నరాన్ని చూపిస్తుంది. అయిదు నిమిషాల్లో నాలుగు టెస్టులయ్యాయి. విడిగా బిల్లు వేయలేదు కాబట్టి మీ లెక్కలోకి రాలేదు.

మీకు ఎక్స్‌రే తీసి ఉంటే ఏం కనిపించేది? ఎముకలు. మీకు పట్టేసింది ఎముక కాదు. కండరం, డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త), నరం దాంట్లో కనపడవు. దానికి తోడు నడుం ఎక్స్‌రేలో పడే రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంత చెప్పాను గానీ నేనూ అక్కర్లేని ఎక్స్‌రేలు రాశాను. ఎలాగో చెప్తాను. సోమవారం సాయంత్రం, బయట ఇరవై మంది. ఎదురుగా ఒక లారీ డ్రైవరు. చేతులతో చూడాల్సిందంతా చూశాను, ఏమీ లేదు. "ఫోటో తీయకుండా లోపలేముందో మీకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. ఎందుకు అక్కర్లేదో చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, చీటీ రాయడానికి అర నిమిషం. రాసేశాను. ఆయన నా చేతులు పట్టుకుని దణ్ణం పెట్టి వెళ్ళాడు. 2001లో బ్రిటన్‌లో ఒక పరిశోధన అచ్చయింది. కనీసం ఆరు వారాలుగా నడుం నొప్పి ఉన్న 421 మందిని తీసుకుని, సగం మందికి ఎక్స్‌రే తీయించారు, సగం మందికి మామూలు వైద్యం. మూడు నెలలకి చూస్తే ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళే కాస్త ఎక్కువ నొప్పి చెప్పారు, డాక్టరు దగ్గరికి ఎక్కువసార్లు తిరిగారు. అయినా తొమ్మిది నెలలకి, వైద్యం బాగుందని ఎక్కువ సంతోషపడింది కూడా వాళ్ళే. నా లారీ డ్రైవరు దణ్ణం నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకో కారణం ఉంది, అది చెప్పుకోవడం కష్టం. యాభై దాటిన ఒకావిడ నడుం నొప్పని వచ్చింది. ఇంటిపని ఎక్కువైందంది, నేనూ అదే అనుకున్నాను. రెండు నెలలు మాత్రలు మార్చి మార్చి ఇచ్చాను. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఆ సంగతి నేను అడగలేదు. "దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదండీ" అని తర్వాత ఆవిడే అంది. ఉంటుందని తెలియాల్సింది నాకు. ఆ తర్వాత ఏడాదిపాటు నడుం నొప్పి అన్న ప్రతి మనిషికీ ఎక్స్‌రే, ఈఎస్ఆర్ రాశాను. వాటిలో సగం నా నిద్ర కోసం రాసుకున్నవే. పక్కనున్న కుర్ర డాక్టరు ఒకరోజు అడిగాడు: "సార్, ఆవిడ విషయంలో మీరు మరిచింది ఎక్స్‌రేనా, ప్రశ్నా?" కోపం వచ్చింది. మర్నాటి నుంచి ప్రశ్న అడగడం మొదలుపెట్టాను.

స్కాన్ రూమ్

నేను ఎంఆర్ఐ తీసే టెక్నీషియన్ని. డాక్టరుగారు చెప్పినదానికి మా గదిలోంచి ఒక ముక్క కలుపుతాను.

టీచరమ్మగారూ, మీకు ఎంఆర్ఐ తీస్తే ఏదో ఒకటి కనపడుతుంది, ఆ మాట నేను రాసిస్తాను. నొప్పే లేనివాళ్ళకి తీసినా కనపడుతుంది. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందిని స్కాన్ చేస్తే, అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు నూటికి 36 మందే. సగం మందికి పైగా కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 2015లో ఇలాంటి పాత పరిశోధనలన్నీ కలిపి, నొప్పి లేని 3,110 మంది లెక్క చూశారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్కులు అరగడం మొదలైంది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 మందికి. జుట్టు నెరిసినట్టే అనుకోండి. నెరిసిందని రిపోర్టులో రాస్తారు, అది జబ్బని కాదు.

కానీ రిపోర్టులో మాటలు అలా ఉండవు. 'డీజెనరేషన్' (అరుగుదల) అని ఉంటుంది, 'డెసికేషన్' అని ఉంటుంది. రెండోదానికి అర్థం డిస్కులో నీటిశాతం తగ్గిందని, అంతే. నిన్న ఒకాయన బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆ మాట వెతుక్కుంటున్నారు. లోపలికి నడిచి వచ్చిన మనిషి, రిపోర్టు చదివాక లేవడానికి భార్య భుజం పట్టుకున్నారు. అరగంటలో వెన్నులో మారిందేమీ లేదు.

పాతకాపు

ఆ బెంచీ మీద మనిషిని నేనే అనుకోండి, పన్నెండేళ్ళ కిందట. నాకప్పుడు 34. నొప్పి మొదలైన నాలుగో రోజే, ఏ డాక్టరూ రాయకుండానే, నా అంతట నేనే వెళ్ళి స్కాన్ తీయించుకున్నాను. డిస్కు ఉబ్బిందని వచ్చింది. నొప్పి నెలన్నరలో పోయింది, రిపోర్టు మాత్రం రెండేళ్ళు నా వెంటే తిరిగింది. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. చేతులు చాపితే ఎత్తుకునేవాణ్ణి కాదు, "నాన్నకి నడుం బాలేదమ్మా" అనేవాణ్ణి. ఒక ఫిజియోథెరపిస్టు ఇరవై కిలోల ఇసుక సంచీ నా చేత ఎత్తించి "ఏమైంది?" అని అడిగిందాకా. ఏమీ కాలేదు.

పాప అప్పటికి ఎత్తుకునే వయసు దాటిపోయింది.

చూసిచూసి విసిగినవాడు

బెల్టు సంగతి నేను గమనించలేదు. పెద్దాయన్ని ముందు పంపించండి టీచరమ్మగారూ.

టీచరమ్మ

పంపించడం కాదు, నేనే తీసుకెళ్ళి ఇప్పించి వచ్చాను. దారిలో అడిగితే ఒక్కొక్కటే చెప్పారు. రాత్రి రెండింటికి నొప్పితో లేచి హాల్లో తిరుగుతున్నారట, మాకు తెలియనే తెలియదు. సాయంత్రాలు కాస్త చలిగా ఉంటోందట. రెండు నెలల క్రితం యూరిన్ ఇన్ఫెక్షన్‌తో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, అది మాకూ తెలుసు. నడుంకీ దానికీ ముడిపెట్టాలని తట్టలేదు. బెల్టు విషయం అడిగితే "ప్యాంటు సాగింది" అన్నారు.

డాక్టరుగారూ, నా విషయం కూడా ఒక్క ముక్క చెప్పండి. ఎన్నాళ్ళు ఆగాలి? నాకెప్పుడు స్కాన్ కావాలి?

పాత స్టెతస్కోపు

తగ్గుతూ ఉంటే అక్కర్లేదు. ప్రమాద సూచనలేవీ లేకపోతే మొదటి ఆరు వారాల్లో నడుంకి స్కాన్లు, ఎక్స్‌రేలు వద్దని అమెరికా ఫ్యామిలీ డాక్టర్ల అకాడమీ 2012లోనే తన సభ్యులకి చెప్పింది. ఆరు వారాలన్నది ఎందుకంటే, ఎక్కువమందికి ఆలోపే బాగా నయమవుతుంది. ఆ తర్వాత కూడా కాలిలోకి లాగుతూ, ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచించాల్సి వస్తే అప్పుడు ఎంఆర్ఐకి పని ఉంటుంది. ఎక్కడ చెయ్యాలో అది చూపిస్తుంది. చేసేదేమీ లేనప్పుడు చూపించి ఏం లాభం? డిస్కులోంచి బయటికి జారిన ముక్క కూడా చాలామందిలో నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది, శరీరమే దాన్ని తినేస్తుంది. పాతకాపుగారి లాంటివాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆరు వారాలు ఆగకూడనిది ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. మూత్రం ఆగిపోవడం, లేదా వస్తున్నట్టు తెలియకపోవడం. సైకిలు సీటుకి ఆనే చోటంతా మొద్దుబారడం. రెండు కాళ్ళూ బలహీనమవడం. ఇందులో ఏది కనపడినా ఫ్యామిలీ డాక్టరు కోసం కూడా చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, అర్ధరాత్రయినా సరే. పాదం వేలాడబడి నేలకి తగులుతుంటే కూడా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

మామగారి యూరిన్ ఇన్ఫెక్షన్ సంగతి మీ డాక్టరుకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఆస్పత్రిలో ఉన్నారన్న విషయం ఆయనకి తెలుసో లేదో.

టీచరమ్మ (19 రోజుల తర్వాత)

అందరికీ నమస్కారం. నా నడుం దాదాపు మామూలైంది, సోమవారం నుంచి క్లాసులకి వెళ్తున్నాను. కుర్చీ ఒకటి అడిగి వేయించుకున్నాను.

మామగారి ఎక్స్‌రే నార్మల్ వచ్చింది. మా ఆయన "చూశావా, వృథా" అన్నారు. సాయంత్రం రక్తం రిపోర్టు వచ్చింది, ఈఎస్ఆర్ 96. సీఆర్‌పీ కూడా బాగా ఎక్కువే. పీఎస్ఏ, కాల్షియం మామూలుగానే ఉన్నాయి. డాక్టరు ఆ రాత్రే ఫోన్ చేశారు. ఎంఆర్ఐలో పక్కపక్కనున్న రెండు వెన్నుపూసలు, మధ్యలో డిస్కు, మూడింటికీ ఇన్ఫెక్షన్ అన్నారు. రేపు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట. బరువు చూస్తే ఏడు కిలోలు తగ్గారు.

రెండు సందేహాలు. ఎక్స్‌రే నార్మల్ ఎలా వచ్చింది? ఇన్ఫెక్షన్ అని తెలిసి కూడా ఇంకా యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు, ఎందుకు? మా ఆయన ఇప్పుడు దీని మీద కోపంగా ఉన్నారు.

పాత స్టెతస్కోపు

ఎముక బాగా తినేశాకే ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ మొదలైన తొలి వారాల్లో బొమ్మ శుభ్రంగా ఉండటం మామూలే. అందుకే మీ డాక్టరు ఎక్స్‌రే ఒక్కదానితో సరిపెట్టుకోకుండా పక్కన ఈఎస్ఆర్, సీఆర్‌పీ రాసింది. అది లేకపోతే నార్మల్ అన్న మాట విని మీరు ఇంటికి వెళ్ళిపోయేవారు.

మందు ఆపింది కావాలనే. ఏ క్రిమో తెలియకుండా యాంటీబయాటిక్ ముందే పోస్తే, రేపు తీసే ముక్కలో ఆ క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందు పని చేస్తుందో తెలియకుండా పోతుంది. వైద్యం కనీసం ఆరు వారాలు సాగుతుంది, క్షయ అని తేలితే ఇంకా నెలల మాట. అంతకాలం సరైన మందే వెళ్ళాలి కదా. మనిషి స్థిరంగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆగుతారు. కాళ్ళు బలహీనపడినా, జ్వరం ఎగబాకి బీపీ పడిపోయినా ఆగరు, వెంటనే మొదలుపెడతారు. మీ వారికి ఇది చెప్పండి.

ఇంకొకటి. అప్పటి యూరిన్ ఇన్ఫెక్షన్ క్రిమే రక్తంలో కలిసి వెన్నుకి చేరి ఉండొచ్చు. రెండు నెలల కిందటి ఆస్పత్రి కాగితాల్లో యూరిన్ కల్చర్ రిపోర్టు ఉండాలి. ఇంట్లో ఉంటే రేపు పట్టుకెళ్ళండి. అప్పుడు దొరికిన క్రిమి పేరు, దానికి ఏ మందు పనిచేసిందో అందులో రాసి ఉంటుంది.

టీచరమ్మ

దొరికిందండీ. ఆయన బీరువాలో, ఫ్యాను వారంటీ కార్డుల కింద.